గట్స్ అనే మాటను ఎక్కడ వాడాలి, ఎక్కడ మింగేయాలి

మన నల్లగొండ, పాలమూరు దిక్కు "గట్స్" అనే మాట తెలియనివాళ్లు లేరు. క్లాక్ టవర్ కాడ రెండు బండ్లు తగిలి మాటా మాటా పెరిగితే "గట్స్ ఉంటే చెయ్యి ఎయ్యి చూద్దాం" అంటాడు ఒకడు. గ్రామసభలో లేచి నిలబడి, మోరీల పైసలు ఎటు పోయినయని అడిగిన అమ్మాయిని చూసి "పిల్లకు గట్స్ ఉన్నయిరా" అంటారు. బడి మొహం చూడని పెద్దమనిషి నోట కూడా ఈ మాట వినొచ్చు. తెలుగులో కలిపి అన్నంతసేపు దీనితో ఏ ఇబ్బందీ లేదు, దమ్ము, హిమ్మత్ లాగే అది కూడా ఎప్పుడో మన మాట అయిపోయింది. తంటా అంతా దాన్ని ఇంగ్లీషు వాక్యంలో పెట్టినప్పుడే. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు కూర్చున్నప్పుడు, ఆఫీసులో మేనేజర్‌కు మెయిల్ రాసేటప్పుడు, పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు ఒక్క ఎస్ అక్షరం తేడాతో ధైర్యం కాస్తా పేగు అయిపోతుంది, మెచ్చుకోబోయింది తిట్టు అయి కూర్చుంటుంది.

ముందు అసలు అర్థం చూద్దాం. గట్ అంటే పేగు. గట్స్ అంటే పేగులు, కొంచెం వదులుగా చెప్పాలంటే కడుపులో ఉండే సరుకంతా. ఆదివారం పొద్దున లైన్లో నిలబడి మరీ కొనుక్కొచ్చే బోటి ఉంది చూడండి, గట్స్ అంటే అదే. నవ్వకండి, నిజంగా అంతే. డాక్టర్లు కూడా ఈ మాటను మామూలుగానే వాడతారు. ఈమధ్య యూట్యూబ్ నిండా "గట్ హెల్త్" అని వస్తోంది, పెరుగు తినండి, మజ్జిగ తాగండి అని చెప్తారే, అది పేగుల ఆరోగ్యం గురించి, అందులో బతికే సూక్ష్మజీవుల గురించి. ధైర్యానికీ దానికీ సంబంధం లేదు. చిన్నపేగు ఒక్కటే దాదాపు 6 మీటర్లు ఉంటుంది, పెద్దపేగు ఇంకో మీటరున్నర.

ఇది పాత ఇంగ్లీషు నుంచి ఉన్న మాటే, "పోయడం" అనే అర్థం వచ్చే ఒక క్రియతో దీనికి చుట్టరికం. వందల ఏళ్లు పేగులనే అర్థంతోనే నడిచింది, ధైర్యం, తెగువ అనే అర్థం దానికి ఎక్కింది 19వ శతాబ్దం చివర్లో. పేగుకూ ధైర్యానికీ ఏం లింకు అని అడుగుతారు పిల్లలు. ఏ భాషవాళ్లయినా ధైర్యాన్ని ఒంట్లో ఎక్కడో ఒక చోట పెట్టుకుంటారు. మనం గుండెలో పెట్టుకున్నాం, ఉర్దూ మాట్లాడేవాళ్లు జిగర్‌లో, అంటే కాలేయంలో పెట్టుకున్నారు, దమ్ము అంటే ఊపిరి. ఇంగ్లీషులో పద్ధతిగా వాడే "కరేజ్" కూడా లాటిన్‌లో గుండెకు ఉన్న మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిందే. అంటే కరేజ్ గుండె నుంచి వచ్చింది, గట్స్ పేగుల నుంచి వచ్చింది. ఈ ఒక్క తేడా మనసులో ఉంచుకుంటే వాడకం సగం దానంతటదే తెలుస్తుంది: గుండె గురించి నలుగురు పెద్దల ముందు మాట్లాడొచ్చు, పేగుల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఎదురుగా ఎవరున్నారో చూసుకోవాలి.

ఎస్ ఉందా లేదా

ధైర్యం అనే అర్థం కావాలంటే చివర ఎస్ ఉండి తీరాలి. "హీ హాజ్ గట్స్" అంటే వాడికి ధైర్యముంది. "హీ హాజ్ ఎ గట్" అంటే వాడికి బొజ్జ ఉంది. పెళ్లయిన ఏడాదికే షర్టు గుండీలు ఊడిపోతున్న మీ బావను పొగడబోయి రెండోది అన్నారనుకోండి, ఆయనకు ఇంగ్లీషు వస్తే ఆ పూట మీకు అన్నం ఉండదు. బీర్ గట్ అని ఇంకొకటుంది, అర్థం చెప్పనక్కర్లేదు.

ఎస్ తీసేస్తే ఇంకో అర్థం కూడా వస్తుంది, అది ఇంకా పనికొచ్చేది. లెక్కా పత్రం లేకుండా లోపలి నుంచి తట్టే అనుమానం, నమ్మకం. "మై గట్ సేస్ నో" అంటే నా మనసు వద్దంటోంది అని. "గట్ ఫీలింగ్" అన్నా ఇదే. ఇక్కడ "గట్స్ ఫీలింగ్" అంటారు చాలామంది, అట్లా లేదు, ఎస్ తీసేయండి. షాద్‌నగర్ దిక్కో చౌటుప్పల్ దిక్కో ప్లాటు చూడ్డానికి పోయారు, మధ్యవర్తి మాటలు తీయగా ఉన్నాయి, కాగితాలు కూడా సక్కగానే కనిపిస్తున్నాయి, అయినా ఎందుకో కాలు ముందుకు పడట్లేదు. అప్పుడు "ఐ హ్యావ్ ఎ బ్యాడ్ గట్ ఫీలింగ్ అబౌట్ దిస్" అనొచ్చు. (అన్నాక వకీలుకు కూడా చూపించండి, గట్ ఫీలింగ్ ఒక్కదాని మీద లక్షల వ్యవహారం నడపకూడదు.) ఆలోచించకుండా మొదట నోట్లోంచి వచ్చేసే స్పందనను "గట్ రియాక్షన్" అంటారు.

ఈ అర్థం వెనక కొంత శరీరశాస్త్రం కూడా ఉంది. పేగుల గోడల్లో 10 కోట్లకు పైగా నాడీకణాలు ఉంటాయి, అందుకే దాన్ని రెండో మెదడు అని కూడా పిలుస్తుంటారు. మూడ్ మీద ప్రభావం చూపే రసాయనంగా మనం వినే సెరటోనిన్, ఒంట్లో ఉన్నదాంట్లో 90 శాతం దాకా తయారయ్యేది పేగుల దగ్గరే. పరీక్ష హాల్లోకి అడుగుపెట్టగానే కడుపులో తిప్పినట్టు అవుతుందే, టెన్షన్‌లో అట్లా అవడానికి మెదడుకూ పేగులకూ మధ్య ఉన్న ఈ నాడుల లింకే కారణం. అట్లాగని కడుపులో తిప్పడాన్ని ఇంగ్లీషులో గట్స్ అనరు సుమా, "బటర్‌ఫ్లైస్ ఇన్ మై స్టమక్" అంటారు.

పలకడం గురించి ఒక్క ముక్క. కట్, బట్ లాగ గట్, పుట్ లాగ గుట్ కాదు. చివర "స్" మెత్తగా, జ్ కాదు. జర్మనీకి నర్సు ఉద్యోగాలకు పోదామని ఆ భాష నేర్చుకుంటున్న పిల్లలు మన జిల్లాల్లో కూడా ఉన్నారు కాబట్టి చెప్తున్నా: జర్మన్‌లో ఇవే మూడక్షరాలను "గూట్" అని పలుకుతారు, దాని అర్థం "మంచిది". రెండిటినీ కలపకండి.

వాక్యంలో కూర్చోబెట్టడం

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడ, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఫలానా పని చేసే ధైర్యం ఉంది అని చెప్పాలంటే వరస ఇట్లా ఉంటుంది: హ్యావ్ గానీ హాజ్ గానీ, తర్వాత "ద గట్స్", తర్వాత "టు", తర్వాత మామూలు క్రియ. "షీ హాజ్ ద గట్స్ టు ఆస్క్ ద సర్పంచ్." సర్పంచ్‌ను అడిగే ధైర్యం ఆమెకుంది. ఆ "ద" ని మనవాళ్లు మింగేస్తారు, మింగొద్దు. అదే ఏ పనీ చెప్పకుండా ఊరికే ధైర్యముంది అని ఆపేస్తే మాత్రం "ద" అవసరం లేదు: "షీ హాజ్ గట్స్." హ్యావ్, హాజ్ తో అన్నప్పుడు పని చెప్తే "ద" ఉంటుంది, చెప్పకపోతే మామూలుగా ఉండదు, అంతే లెక్క.

"హీ ఈజ్ హ్యావింగ్ గట్స్" అనేది మన దగ్గర అందరి నోటా వచ్చేదే. తెలుగులో "ఉన్నది" అంటాం కదా, ఆ "ఉన్న" వాసనతో హ్యావింగ్ వచ్చేస్తుంది. ధైర్యం, తమ్ముడు, ఇల్లు, అనుమానం, వీటన్నిటికీ హాజ్, హ్యావ్ చాలు, హ్యావింగ్ వద్దు. జరిగిపోయినదాన్ని చెప్పాలంటే "ఐ డిడ్‌న్ట్ హ్యావ్ ద గట్స్ టు టెల్ హిమ్". డిడ్‌న్ట్ తర్వాత హ్యాడ్ రాదు. "గట్స్ ఆఫ్ ఆస్కింగ్" అని కూడా రాస్తుంటారు, అది వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది, "టు ఆస్క్" అనండి.

ఎంత ధైర్యం అని కొలిచేటప్పుడు "మెనీ గట్స్" అనరు, "వన్ గట్స్", "ఎ గట్స్" అసలే లేవు. "ఎ లాట్ ఆఫ్ గట్స్" అంటే సరిపోతుంది. ఒకరికంటే ఒకరికి ఎక్కువ అంటే "షీ హాజ్ మోర్ గట్స్ దేన్ హర్ బ్రదర్స్." అన్నదమ్ములందరికంటే దానికే ధైర్యం ఎక్కువ అని మన ఇళ్లల్లో ముసలమ్మలు అనేది సరిగ్గా ఇదే.

ఇంకో వాక్యం ఉంది, నన్నడిగితే మొదలు నేర్చుకోవాల్సింది ఇదే, ఎందుకంటే ఎవరినీ వేలెత్తి చూపకుండా మాట్లాడొచ్చు. "ఇట్ టేక్స్ గట్స్ టు" అని మొదలుపెట్టాలి. ఫలానా పని చేయాలంటే ధైర్యం కావాలి అని అర్థం. "ఇట్ టేక్స్ గట్స్ టు సే నో టు యువర్ బాస్." బాస్‌కు కాదని చెప్పాలంటే గట్స్ ఉండాలి. జరిగిపోయినదైతే "ఇట్ టుక్ గట్స్". ఒక నిజమైన సంగతి పెట్టి చూద్దాం. మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి ఆమెకు 13 ఏళ్లు. ఊరు నిజామాబాద్ దిక్కే గానీ, అంతకుముందు తాడు పట్టుకుని బండలు ఎక్కడం నేర్చుకుంది మన భువనగిరి గుట్ట మీద. కింద నిలబడి ఆ నున్నటి ఏకశిలను ఎప్పుడన్నా చూసినవాళ్లకు తెలుస్తుంది. "ఇట్ టేక్స్ గట్స్ టు క్లైంబ్ దట్ రాక్." ఈ వాక్యానికి ఎవరూ వంక పెట్టలేరు.

ఎవరి ముందు అంటున్నాం

గట్స్ బూతు కాదు. అయితే గౌరవంగా ఉండే మాట కూడా కాదు, ఇది దోస్తుల మధ్య, చాయ్ హోటల్ కాడ, క్రికెట్ చూసేటప్పుడు వాడుకునే మాట. ఇంటర్వ్యూలో "వై షుడ్ వీ హైర్ యు" అని అడిగితే "ఐ హ్యావ్ గట్స్" అని జవాబు చెప్పేవాళ్లున్నారు. చెప్పేవాడి మనసులో ఉన్నది మంచిదే, నేను దేనికీ భయపడను, ఏ పనైనా మీదేసుకుంటా అని. వినేవాళ్లకు మాత్రం ఇది సవాలు విసిరినట్టు వినిపిస్తుంది. అక్కడ "ఐయామ్ నాట్ అఫ్రెయిడ్ టు టేక్ రెస్పాన్సిబిలిటీ" అనండి, లేకపోతే ఎప్పుడన్నా ముందుకొచ్చి చేసిన ఒక పని చెప్పండి: కాలేజీ ఫెస్ట్‌లో స్టేజీ కుంగిపోతే నలుగురినీ పోగేసి గంటలో నిలబెట్టిన సంగతో, పత్తి లారీ లోడింగ్ దగ్గర నాన్న లేనప్పుడు లెక్క చూసుకున్న సంగతో. ఆ పని చెప్తే గట్స్ అనే మాటే అవసరం పడదు. అప్లికేషన్లు, మెయిల్స్, కవర్ లెటర్లు, వీటిల్లో గట్స్ పూర్తిగా నిషేధం అనుకోండి.

పరీక్షల్లో వ్యాసాలకూ ఇదే వర్తిస్తుంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు చాకలి ఐలమ్మ గురించి ఎట్లాగూ రాయాల్సి వస్తుంది. పాలకుర్తిలో తన పొలం, తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడ్డ మనిషి, ఆ ఊరు అప్పట్లో మన నల్లగొండ జిల్లాలోదే. ఇంట్లో నానమ్మకు చెప్తున్నట్టయితే "ఐలమ్మకు ఏం గట్స్" అనొచ్చు, ఆమె కూడా ఒప్పుకుంటుంది. కాగితం మీద మాత్రం "ఐలమ్మ షోడ్ గ్రేట్ కరేజ్" అని రాయాలి. అదే సాయుధ పోరాటం గురించి రాస్తూ 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య అమరుడైన సంగతి దగ్గర "గట్స్" అని పెడితే, గ్రామర్ తప్పు లేకపోయినా చదివేవాడికి ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. చనిపోయినవాళ్ల గురించి, త్యాగం గురించి చెప్పేచోట కరేజ్, బ్రేవరీ, ఈ రెండే.

ఆట గురించి రాస్తే మాత్రం ఇంగ్లీషు పేపర్లు కూడా "గట్సీ" అని ధారాళంగా రాస్తాయి. "గట్సీ ఇన్నింగ్స్" అంటే వేలికి దెబ్బ తగిలినా క్రీజు వదలకుండా ఆడిన ఇన్నింగ్స్ లాంటిది. "ఎ గట్సీ డెసిషన్" అంటే తెగించి తీసుకున్న నిర్ణయం. స్పెల్లింగ్ చూసుకోండి, ఎస్ ముందుకు జరిగితే "గస్టీ" అవుతుంది, దానర్థం ఈదురుగాలులు. మే నెలలో మన ఫోన్లకు వచ్చే వాతావరణం మెసేజీల్లో "గస్టీ విండ్స్" అని ఉంటుంది, మామిడికాయలు రాలగొట్టేవి అవే.

గట్స్ లేనివాడిని "గట్‌లెస్" అంటారు. ఇక్కడ ఎస్ మాయం అవుతుంది గమనించండి. ఇది నేరుగా తిట్టు. ఎవడి మొహం మీదన్నా అనే ముందు, పిరికోడా అని తెలుగులో ఆ మనిషిని అనగలరా అని చూసుకోండి, అనలేకపోతే ఇంగ్లీషులో కూడా అనకండి. "యు డోంట్ హ్యావ్ ద గట్స్" అన్నా అంతే, అది మాట్లాడుకోవడం కాదు, కయ్యానికి పిలవడం.

"ఎంత ధైర్యం నీకు!" అంటే ఏమనాలి

దీని దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగుతాను. తెలుగులో ధైర్యం అనే మాట పొగడ్తకూ పనికొస్తుంది, కోపానికీ పనికొస్తుంది. "ఏం ధైర్యం బిడ్డా నీది" అని అమ్మ అంటే మెచ్చుకోలు. "ఎంత ధైర్యం రా నీకు, నన్నే ఎదురు ప్రశ్నిస్తవా" అని పెదనాన్న అంటే అర్థం వేరు. గొంతును బట్టి మనకు తెలిసిపోతుంది. ఇంగ్లీషువాళ్లు ఈ రెండు పనులకూ వేరువేరు మాటలు పెట్టుకున్నారు, కాబట్టి "హౌ మచ్ గట్స్ యు హ్యావ్" అని గద్దిస్తే ఎదుటివాడికి అది పొగడ్తో తిట్టో అర్థం కాక తెల్లమొహం వేస్తాడు.

కోపంతో అనాలంటే "హౌ డేర్ యు". "హౌ డేర్ యు టాక్ టు మై మదర్ లైక్ దట్!" మా అమ్మతో అట్లా మాట్లాడటానికి ఎంత ధైర్యం నీకు! ఇక్కడ డేర్ తర్వాత మనిషి, తర్వాత మామూలు క్రియ, "టు" ఉండదు. ఇది బాగా బరువైన మాట, ఉప్పు ఎక్కువేసినందుకు వంటాయనతో అనకూడదు.

కోపం కంటే ఆశ్చర్యం, చీదర ఎక్కువగా ఉంటే, అంటే ఎదుటివాడికి సిగ్గనేది లేదు అనిపిస్తే, దానికి "నర్వ్" ఉంది. తీసుకున్న అప్పు రెండేళ్లు ఎగ్గొట్టి, మళ్లీ ఇంటికొచ్చి ఇంకో 5 వేలు అడిగే చుట్టాన్ని తలచుకోండి. వాడి మీద "హీ హాజ్ ద నర్వ్ టు ఆస్క్ ఫర్ మోర్" అనాలి. వరస గట్స్‌కు ఉన్నదే, మాట మాత్రమే మారింది, కానీ అర్థం తెగువ నుంచి తెంపరితనానికి మారిపోయింది. "వాట్ ఎ నర్వ్!" అంటే ఎంత బరితెగింపు అని. ఇదే నర్వ్‌తో మంచి అర్థం కూడా ఉంది, "హీ హెల్డ్ హిజ్ నర్వ్" అంటే చివరి ఓవర్లో కూడా తొణక్కుండా ఉన్నాడు, "లాస్ట్ హిజ్ నర్వ్" అంటే అక్కడిదాకా వచ్చి జంకాడు. "గెట్స్ ఆన్ మై నర్వ్స్" అంటే విసిగిస్తున్నాడు, ఇక్కడ మళ్లీ ఎస్.

డేర్‌కు ఇంకో వాడకం "ఐ డేర్ యు టు" అనడం. "ఐ డేర్ యు టు ఈట్ టెన్ మిర్చీలు." చేతనైతే పది మిర్చీలు తిను చూద్దాం అని పందెం కట్టడం. ఇక్కడ మాత్రం "టు" ఉంటుంది. మనవాళ్లు "వానికి డేర్ ఎక్కువ" అంటారు, తెలుగులో చెల్లుతుంది, ఇంగ్లీషులో మాత్రం "హీ ఈజ్ డేరింగ్" అనాలి.

క్రియగా వాడితే పూర్తిగా వేరే లోకం

గట్‌ను పనిగా వాడితే ధైర్యం ఎక్కడా కనిపించదు. "గట్ ద ఫిష్" అంటే చేప పొట్ట కోసి లోపలిదంతా తీసేయడం. జూరాల డ్యామ్ కాడ చేపలు తినడానికి పోతే, వేయించే ముందు పక్కన కూర్చుని చకచకా చేస్తుంటారే, అదే పని. దీన్నుంచే ఇల్లుగానీ దుకాణంగానీ లోపల మొత్తం ఖాళీ అయ్యేలా కాలిపోతే "గటెడ్" అంటారు. మన దేశంలో ఇంగ్లీషు పేపర్లకు ఇది మహా ఇష్టమైన మాట. జిన్నింగ్ మిల్లులో నిప్పు అంటుకున్న మర్నాడు "కాటన్ గటెడ్ ఇన్ ఫైర్" అని హెడ్డింగ్ ఉంటుంది, తెలుగు పేపర్లో "పత్తి దగ్ధం" అని ఉంటుంది. సరిగ్గా రాస్తే "ద షాప్ వాజ్ గటెడ్", వాజ్ మర్చిపోవద్దు, షాపు తనంతట తాను గట్ చేసుకోదు కదా.

లండన్‌లో ఉన్న మేనత్త కొడుకు వాట్సాప్‌లో "ఐయామ్ గటెడ్" అని పెడితే ఇల్లు కాలిందని కంగారు పడకండి. బ్రిటన్‌లో దానికి అర్థం చాలా నిరాశపడ్డానని. టీమ్ ఓడిపోయి ఉంటుంది, లేకపోతే లీవ్ దొరికి ఉండదు.

బ్యాడ్మింటన్ ఆడేవాళ్లకు ఇంకో గట్ తెలుసు. రాకెట్ తీగలు తెగితే స్పోర్ట్స్ షాపుకు పోయి "అన్నా, గట్టింగ్ చెయ్యాలె" అంటాం. మన దేశంలో అందరికీ తెలిసిన మాటే ఇది. ఒకప్పుడు ఆ తీగలు నిజంగానే జంతువుల పేగులతో చేసేవాళ్లు, అందుకే ఆ పేరు, ఇప్పుడు షాపులో వేసేది ఎక్కువగా నైలాన్ లాంటి సింథటిక్ తీగ. విదేశాల్లో షాపుకు పోతే మాత్రం "స్ట్రింగింగ్" అని అడగండి, గట్టింగ్ అంటే చేపల దుకాణం చూపిస్తారు. ఆపరేషన్లలో కుట్లు వేయడానికి వాడిన "క్యాట్‌గట్" కూడా ఈ కుటుంబమే, లోపల దానంతటదే కరిగిపోతుంది. పేరులో క్యాట్ ఉన్నా అది పిల్లి పేగు కాదు, గొర్రెలవో పశువులవో పేగుల నుంచి తీసింది. ఇక గటర్, అంటే మురికి కాలువ, దీనికి చుట్టం కాదు, అది "బొట్టు" అనే లాటిన్ మాట నుంచి వచ్చింది.

మన మాటలకు దగ్గరగా ఉన్నవి కొన్ని

కొన్ని జాతీయాలు చూస్తే ముచ్చటేస్తుంది, మన దగ్గర కూడా అదే ఒంటి భాగమో దాని పక్కదో దొరుకుతుంది. "గట్ రెంచింగ్" అంటే కడుపు తరుక్కుపోయేలా ఉండటం, దీనికంటే దగ్గరి జోడీ ఇంకోటి చూపించలేను. "వర్క్ యువర్ గట్స్ అవుట్" అంటే రెక్కలు ముక్కలు చేసుకోవడం. మనకు దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. పాలమూరు లేబర్ అని దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా, రోడ్డేసినా పిలిపించుకున్నారు, సొంత ఊళ్లో మాత్రం చెర్లు ఎండి ఉండేవి. "దే వర్క్‌డ్ దెయిర్ గట్స్ అవుట్ ఫర్ అదర్ పీపుల్స్ డ్యామ్స్." ఈ వాక్యంలో గట్స్ అనే మొరటు మాటే సరిగ్గా కుదురుతుంది, ఇక్కడ కరేజ్ పెడితే చెడిపోతుంది.

"హేట్ సంబడీస్ గట్స్" అంటే వాడి పొడ గిట్టదు. "స్పిల్ యువర్ గట్స్" అంటే కడుపులో ఉన్నదంతా కక్కేయడం, పోలీసుల ముందైనా కావచ్చు, రాత్రి మిద్దె మీద దోస్తు ముందైనా కావచ్చు. "బస్ట్ ఎ గట్" అంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వడం, లేదా ఒక పని కోసం విపరీతంగా కష్టపడటం, సందర్భం చూసుకోవాలి. ఎప్పుడూ ఏడుపుగొట్టు మొహం పెట్టుకునేవాణ్ని బ్రిటన్‌లో "మిజరీ గట్స్" అంటారు. "బ్లడ్ అండ్ గట్స్" అంటే నరుకుడు, రక్తం పారే సినిమాల మాట, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా జనరల్ ప్యాటన్‌కు "ఓల్డ్ బ్లడ్ అండ్ గట్స్" అని ముద్దుపేరు ఉండేది. బైకుల మీద స్టిక్కర్లుగా కనిపించే "నో గట్స్, నో గ్లోరీ" కూడా ఇందులోదే, తెగించకపోతే పేరు రాదని దాని భావం, హెల్మెట్ పెట్టుకోవద్దని కాదు.

ఇవన్నీ ఒక్కరోజులో బట్టీ పట్టకండి. తెలిసిన మనుషుల మీద వాక్యాలు కట్టండి, అదొక్కటే నాలుక మీద నిలుస్తుంది. మీ ఊళ్లో ఎవరు ఎప్పుడు ఏ పనికి తెగించారో ఆలోచించి "హ్యాడ్ ద గట్స్ టు" తో చెప్పి చూడండి, ఎదురుగా మనిషి లేకపోతే ఫోన్లో రికార్డు చేసుకుని వినండి, "ద" పలికారా లేదా అప్పుడే తెలుస్తుంది. ఇంగ్లీషు సినిమాలు చూసేటప్పుడు కింద సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే గట్ ఎక్కడ, గట్స్ ఎక్కడ అన్నది కంటికి కూడా అలవాటవుతుంది.

కాసేపు జవాబులు చూడకుండా వీటిని ఇంగ్లీషులో చెప్పండి. మా చెల్లె నాన్నకు ఆ సంగతి చెప్పగలిగింది, నాకు ధైర్యం చాలలేదు. ఎందుకో దేవరకొండ బస్సు ఇయ్యాల రాదనిపిస్తోంది. ఎంత ధైర్యం నీకు, నా ఫోన్ తీస్తావా. నిన్న రాత్రి షార్ట్ సర్క్యూట్‌తో కిరాణా షాపు మొత్తం కాలిపోయింది. సార్, ఈ బాధ్యత తీసుకోవడానికి నేను రెడీ.

మొదటిదానికి "మై సిస్టర్ హ్యాడ్ ద గట్స్ టు టెల్ డాడ్, ఐ డిడ్‌న్ట్". రెండోదానికి "మై గట్ సేస్ ద దేవరకొండ బస్ ఈజ్ నాట్ కమింగ్ టుడే", ఎస్ లేకుండా. మూడోదానికి "హౌ డేర్ యు టేక్ మై ఫోన్". నాలుగోదానికి "ద కిరాణా షాప్ వాజ్ గటెడ్ ఇన్ ఎ ఫైర్ లాస్ట్ నైట్", షార్ట్ సర్క్యూట్ సంగతి వేరే వాక్యంలో చెప్పుకోవచ్చు. ఐదోదానికి గట్స్ వెతుక్కున్నవాళ్లు ఇంటర్వ్యూ ముచ్చట మళ్లీ చదవండి: "ఐయామ్ రెడీ టు టేక్ దిస్ రెస్పాన్సిబిలిటీ, సర్."